దొంగ కంట పడని సైకిలు

కొత్త సైకిలు కొన్నవాళ్లు మొదటి వారంలోనే మసి మేస్త్రి దగ్గరికి వచ్చేవాళ్లు, దాన్ని పాడు చేయించుకోవడానికి.

రెండు భవనాల మధ్య, మెట్ల కింద మిగిలిన ఇరుకు గది అతని షాపు. ఒకరు లోపలికి రావాలంటే ఒకరు బయటికి పోవాలి. సైకిల్ని గోడకు ఆనించి, చుట్టూ ఒకసారి చూసి, ఒకే ప్రశ్న అడిగేవాడు: "రోజూ ఎక్కడ పెడతారు?" ఎంతకు కొన్నారని గానీ, ఏ కంపెనీ అని గానీ అడిగేవాడు కాదు. ఫ్యాక్టరీ గేటు లోపల అంటే కొంచెం పాడు చేసేవాడు, స్టేషన్ బయట అంటే బాగా, మార్కెట్ వెనక సందులో అంటే ఇక చెప్పక్కర్లేదు. గరుకు కాగితంతో అక్షరాలు గీకేసేవాడు. నల్ల పెయింటులో మసి కలిపి, మెరుపు చచ్చేదాకా పూసేవాడు. సీటుకి పాత ట్యూబు చుట్టేవాడు. అడ్డకడ్డీ విరిగితే కట్టు కట్టినట్టు ఒక గోనె పీలిక బిగించేవాడు. వెనక మడ్‌గార్డు మీద ఎర్రబిళ్ళనీ, చక్రాల పుల్లల మధ్య పసుపు బిళ్ళల్నీ ఊడదీసి యజమాని చేతిలో పెట్టేవాడు. మెరిసే వాటి మీదికే చెయ్యి పోతుందని చెప్పేవాడు. ఆఖరున సన్న కుంచె తీసుకుని చైను పక్కన ఇటుకరంగు చుక్కలు పెట్టేవాడు. ఆ పనికి అతను పెట్టుకున్న పేరు 'తుప్పు దిద్దడం'. కంటికి కాటుక దిద్దినంత ఒద్దికగా దిద్దేవాడు.

తాళాల మీద అతనికి నమ్మకం లేదని కాదు. గొలుసు వెనక చక్రంలోంచి, ఫ్రేములోంచి, నేలలో పాతిన దేనికో ఒకదానికి పోవాలని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఒక స్కూలు గుమాస్తా ముందు చక్రానికి మాత్రమే తాళం వేసి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి చక్రమూ తాళమూ భద్రంగా ఉన్నాయి, మిగతా సైకిలు లేదు. ఆ చక్రాన్ని మేస్త్రి అడిగి తెచ్చుకుని షాపు కప్పుకి వేలాడదీశాడు. ఎవరైనా అదేమిటని అడిగితే, "దానికి తాళం వేశారు, అందుకే ఆగిపోయింది" అనేవాడు. అయితే ఎంత మంచి తాళమైనా కోసే పనిముట్టు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుందని అతని లెక్క. అసలు కోయాలన్న బుద్ధే పుట్టకుండా చేయడం తన విద్య. "దొంగ కంట పడకూడదు, అంతే" అనేవాడు. అతని సిద్ధాంతం మొత్తం ఆ నాలుగు మాటలే.

తప్పు పట్టడానికి లేదు. సైకిలు మీద పనికిపోయే మనిషికి సైకిలు పోవడమంటే వస్తువు పోవడం కాదు, మర్నాటి ఉదయం పోవడం. ఈ సంగతి రహదారి భద్రత మీద వేదికలెక్కేవాళ్లకు తెలియదు. వాళ్లు కార్లలో వస్తారు.

మేస్త్రి చెల్లెలికి తెలుసు. నలభై నాలుగేళ్ల మనిషి. భర్త పోయి ఎనిమిదేళ్లు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పని. అక్కడ అందరూ ఆమెను మడతలక్క అంటారు. ఆమె మడిచిన దుప్పట్ల దొంతర కత్తితో కోసినట్టుండేది. షిఫ్టు ఐదున్నరకి మొదలవుతుంది. మొదటి బస్సు ఆరుంబావుకి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. ఒకే ఏడాదిలో ఆమె సైకిళ్లు రెండు పోయాయి. ఒకటి ఆసుపత్రి షెడ్డులోంచి పోయింది. రెండోది ఆమె ఉండే గది మెట్ల కిందినుంచి పోయింది. కోసిన తాళాన్ని మాత్రం ఆ దొంగ మెట్టు మీద మర్యాదగా పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు తెల్లవారక ముందే లేచి ఏడు కిలోమీటర్లు నడిచింది. రెండు ఆలస్యాలు పడ్డాయి. పదో రోజు అన్న షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని, ఈసారి పోతే ఉద్యోగం కూడా పోతుందని, ఏం చేస్తావో చెయ్యమని చెప్పింది.

అతను ఎక్కడెక్కడివో ముక్కలు కలిపి ఒక సైకిలు కట్టాడు. లోపల బేరింగులన్నీ కొత్తవి, బ్రేకులు కొత్తవి. పైకి మాత్రం వరదలో కొట్టుకొచ్చినట్టు తయారుచేశాడు. మూడు రోజులు పట్టింది. అన్నం పట్టుకొచ్చిన భార్య గుమ్మంలో నిలబడి, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినంత శ్రద్ధగా దెయ్యాన్ని ముస్తాబు చేస్తున్నారని అంది. అతను నవ్వలేదు. తుప్పు దిద్దుతున్నాడు.

ఆ సైకిలు మూడేళ్ల రెండు నెలలు షెడ్డులో నిలిచింది. దాని కుడివైపువి పోయాయి, ఎడమవైపువి పోయాయి. ఒకసారి ఆసుపత్రి ఊడ్చేవాళ్లు ఎవరో వదిలేసిన చెత్త అనుకుని పాత ఇనుము కుప్ప మీద వేశారు. మడతలక్క డ్యూటీ దిగి వెళ్లి దాన్ని లాక్కుని తెచ్చుకుంది. మేస్త్రి ఆ కథని వచ్చిన ప్రతివాడికీ యోగ్యతా పత్రం చూపించినట్టు చెప్పేవాడు.

ఆ మధ్య ఒక సేవా సంఘం వాళ్లు ఆసుపత్రికి వచ్చి, మీ ప్రాణం మీ చేతుల్లోనే ఉందని మైకులో చెప్పి, హెల్మెట్లు పంచి ఫొటోలు తీసుకుని వెళ్లారు. అన్నీ ఒకటే సైజు. లాండ్రీలో ఒకామె దాన్లో క్లిప్పులు వేసుకుంది, ఇంకొకామె సబ్బుపొడి కొలిచింది. మడతలక్కకి అది కళ్ల మీదికి జారేది. అన్న గంటసేపు కూర్చుని పట్టీలు కుదించి, కనుబొమ్మల మీద రెండు వేళ్ల ఎత్తున నిలిచేలా బిగించాడు. మిగిలిన ఖాళీలో ఆమె పాత తువ్వాలుని నాలుగు మడతలు వేసి కుదిర్చింది. చలికి చెవులు వెచ్చగా ఉంటాయని పెట్టుకునేది. ప్రాణం గురించి కాదు.

ఆ చలికాలంలోనే, ఒక మంచు కమ్మిన వేకువన, గోదాము గోడ అయిపోయే మలుపు దగ్గర రొట్టెల వ్యాను ఆమెను వెనకనుంచి కొట్టింది. పడింది కాలిబాట అంచు మీద. హెల్మెట్ రెండుగా పగిలింది. తలకి ఏమీ కాలేదు. తొడ ఎముక విరిగింది. రోజూ తను మడిచే దుప్పట్ల మధ్యే ఆమెను పడుకోబెట్టారు. స్పృహ బాగా వచ్చాక మొదట గమనించింది దుప్పటి అంచు వంకరగా మడిచి ఉందని. లాండ్రీ సూపర్వైజరు వచ్చి, నాలుగు నెలలు చోటు ఉంచుతామనీ, ఆపైన తన చేతుల్లో లేదనీ చెప్పి వెళ్లింది.

వ్యాను డ్రైవరు పారిపోలేదు. మేస్త్రి వయసువాడే. వార్డు బయట బెంచీ మీద టోపీ చేత్తో నలుపుతూ కూర్చుని ఉన్నాడు. మేస్త్రి అతని కాలరు పట్టుకునే దాకా వెళ్లాడు. అతను విడిపించుకోలేదు.

"తాగలేదండీ. నిద్రమత్తులో లేను. స్పీడు కూడా లేదు. నాకు కనపడలేదు. అక్కడ ఏమీ లేదండీ" అన్నాడు.

అబద్ధమని మేస్త్రి షాపుకొచ్చిన అందరికీ చెప్పాడు. ఐదడుగుల మనిషి, ఇంత సైకిలు, ఏమీ లేకపోవడమేమిటని వారం రోజులు చెప్పాడు. ఎనిమిదో రోజున, అబద్ధాన్ని రుజువు చేయడానికే, వెనక చక్రం వంగిన సైకిల్ని భుజాన వేసుకుని తెల్లవారుజామున ఆ మలుపుకి వెళ్లాడు. ముందురోజే డ్రైవరుకి కబురు పెట్టాడు, వ్యానుతో రమ్మని. అతను వచ్చాడు. సైకిల్ని కాలిబాట వారగా, వెనక వైపు వ్యాను వచ్చే దిక్కుకి ఉండేలా నిలబెట్టి, మేస్త్రి వ్యానులో డ్రైవరు పక్కన ఎక్కాడు. రోడ్డు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగి, లైట్లు వేసుకుని నెమ్మదిగా వచ్చారు.

గోదాము గోడ కనపడింది. గోడ మీద పాత పోస్టరు కనపడింది. మేస్త్రి ముందుకి వంగి కూర్చున్నాడు. ఎక్కడ పెట్టాడో తనకి తెలుసు, ఆ చోటే చూస్తున్నాడు. మొదట కనపడింది నేల మీద ఎవరో తాగి పారేసిన తెల్ల కాగితం కప్పు. ఆ కప్పు ఎందుకు కనపడుతోందా అనుకునేలోపు, దాని పక్కనే, వ్యానుకి పది అడుగుల దూరంలో, తన సైకిలు.

డ్రైవరు బ్రేకు వేశాడు. మేస్త్రి దిగి, కప్పుని చేతిలోకి తీసుకుని, సైకిల్ని భుజానికెత్తుకున్నాడు.

షాపు నాలుగు రోజులు తెరవలేదు. ఐదో రోజున ఒక బ్యాంకు ప్యూను కొత్త సైకిలుకి మసి పూయమని తెస్తే, పూయనని తిప్పి పంపాడు. ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి, చెల్లెలి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వెంట తెచ్చిన కాగితం కప్పు చూపించి, దాని సంగతి దాచకుండా చెప్పాడు.

ఆమె కప్పుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సైకిల్ని దాచమన్నాను. నన్ను కూడా దాచేశావు అన్నయ్యా."

ఇలాంటి చోట చెల్లెలి క్షమాగుణం గురించి రెండు వాక్యాలు రాయడం అలవాటు. ఆమె క్షమించలేదు. పదకొండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆసుపత్రి నుంచి అన్న ఇంటికే వచ్చింది, వేరే దారి లేదు కాబట్టి. ముందుగదిలో మంచం వేసుకుని, అతను ఎదురుగా ఉన్నా వదిన ద్వారానే మాట్లాడేది. మీ ఆయన్ని ఆ కిటికీ వెయ్యమను వదినా. మీ ఆయన సుత్తి చప్పుడు ఆపుతాడేమో అడుగు వదినా. వదిన ఇద్దరి మధ్యా ఉత్తరాలు మోసినట్టు మాటలు మోసి విసిగిపోయి, తనకి స్టాంపుల ఖర్చులు ఇమ్మని ఇద్దర్నీ అడిగింది.

ఈలోగా మేస్త్రి తన చిక్కు తను విప్పుకుంటున్నాడు. తెల్ల పెయింటు వేస్తే లారీకి కనపడుతుంది, దొంగకీ కనపడుతుంది. లైటు బిగిస్తే మధ్యాహ్నానికల్లా లైటు ఉండదు, దాని వెంట మిగతాదీ పోవచ్చు. ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పిన మాటలో తప్పు ఎక్కడుందో వెతుక్కున్నాడు. దొంగ కంట పడకూడదన్నాడు గానీ, ఎవరి కంట పడాలో ఎప్పుడూ చెప్పలేదు. రెండు కళ్లూ ఒకటి కావు. దొంగ పగలు, ఆగివున్న సైకిల్ని, పక్కనుంచి, తీరిగ్గా చూస్తాడు. డ్రైవరు చీకట్లో, కదిలే సైకిల్ని, వెనకనుంచి, లైటు వెలుగులో రెప్పపాటు చూస్తాడు. వాడికి కనపడకుండా వీడికి కనపడేది ఏదైనా ఉండాలి.

అది నంబరు ప్లేట్ల మీద అక్షరాలు కత్తిరించే షాపులో దొరికింది. రాత్రి మెరిసే ఆ స్టిక్కర్లని అందరూ రేడియం అంటారు, వాటిలో రేడియం ఉన్నా లేకపోయినా. కత్తిరించేవాడు మాటల మధ్యలో ఒక నల్ల స్టిక్కరు చుట్ట చూపించాడు. మామూలుగా చూస్తే బొగ్గులా ఉంది. టార్చి వేస్తే పాల తెలుపుగా లేచింది. నల్ల రేడియం. అంచులు, చిన్న ముక్కలు ఎలాగూ పారేసేవే, ఒక టీ తాగించి ఓ సంచీడు తీసుకుపొమ్మన్నాడు. మేస్త్రి ఆ రోజు రెండు టీలు తాగించాడు.

ఇంటికొచ్చి వంగిన చక్రం మార్చి, మడ్‌గార్డు చివర, రిమ్ముల లోపలి అంచు, పెడళ్ల వెనకవైపు ఆ ముక్కలు అతికించాడు. పగటి వెలుగులో అదే పాత దెయ్యం. మంచం మీదినుంచి అంతా చూస్తున్న చెల్లెలు, చేస్తున్న పని సగంలో ఉండగా, వదినని పిలిచింది.

"మీ ఆయనకి చెప్పు వదినా. సైకిలుకి ఎంత అతికించినా సైకిలుతోనే పోతుంది. మనిషికి కడితే మనిషితో పాటే లోపలికి వస్తుంది."

వదిన నోరు తెరిచేలోపే మేస్త్రి లేచాడు. రోడ్డు పని చేసేవాళ్లు పారేసిన చిరిగిన చొక్కాలు పాతసామాన్లవాడి దగ్గర ఉంటాయని అతనికి తెలుసు. వాటి మీద వెండి పట్టీలు ఇంకా బాగానే ఉంటాయి. సాయంత్రానికి మూడు తెచ్చి ఆమె ఒళ్లో వేశాడు. ఆమె పట్టీలు విప్పి, నడుముకీ భుజం మీదుగానూ పోయే బెల్టుగా చేత్తో కుట్టింది. కుట్టడం గొప్ప కాదు. మడవడం ఆమెది. ఎలా పట్టుకుని ఎలా తిప్పితే అంత బెల్టూ అరచేతిలో పట్టే పొట్లమై జేబులో పోతుందో రెండు రోజులు మడిచి విప్పి, విప్పి మడిచి కనిపెట్టింది. లైటుకి అన్న పాత ట్యూబు ముక్కతో ఒక రబ్బరు పట్టీ చేశాడు. తగిలించడానికి క్షణం, లాక్కుని జేబులో వేసుకోవడానికి క్షణం. పగిలిన హెల్మెట్‌ని అతికించమని ఆమె అడిగితే, ఒకసారి దెబ్బ తిన్నది ఇంక పనికిరాదని అవతల పారేసి, తలకి సరిపోయే కొత్తది, చవకదే, తెచ్చాడు. ఇవన్నీ జరిగే సరికి పదకొండు రోజులు అయిపోయాయి. మాటలు ఎప్పుడు మొదలయ్యాయో ఇద్దరికీ గుర్తు లేదు. వదినకి గుర్తుంది, ఆ రోజునుంచి తనకి పని తగ్గింది కాబట్టి.

కానీ ఆమె మళ్లీ సైకిలెక్కుతానంటే అతను ఒప్పుకోలేదు. బస్సు వేళకి షిఫ్టు మార్చమని అడగమన్నాడు. ఆమె అడిగింది. వాళ్లు మార్చలేదు. ఉద్యోగం మానెయ్యమన్నాడు, తను చూసుకుంటానన్నాడు.

"ఎంతకాలం చూసుకుంటావు?" అని ఆమె అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవడానికే.

అతను మర్నాడు రొట్టెల వ్యాను డ్రైవరు దగ్గరికి వెళ్లాడు.

నాలుగు నెలలకి ఐదు రోజుల ముందు, అదే వేళకి, అదే రోడ్డు చివర, మేస్త్రి వ్యానులో కూర్చున్నాడు. మంచు అంతగా లేదు గానీ చీకటి అలాగే ఉంది. ఆమె చాలా ముందే బయలుదేరింది. కాలు పూర్తిగా వంగదు కాబట్టి సీటు ఒక బెత్తెడు ఎత్తాడు. డ్రైవరు లైట్లు వేసి కదిలించాడు. ఇద్దరూ ముందుకి చూస్తున్నారు. డ్రైవరు చేతులు స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి.

"అదిగో" అన్నాడు డ్రైవరు.

మేస్త్రికి ఇంకా ఏమీ కనపడలేదు. కళ్లలో నీళ్లున్నాయేమో. తుడుచుకుని చూశాడు. గోదాము గోడకి ఇంకా చాలా ఇవతలే ఉన్నారు. దూరంగా, నేలకి కొంచెం ఎత్తున, రెండు తెల్లటి ముక్కలు ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి. వాటి మీద ఏటవాలుగా ఒక వెండి గీత.

"కాళ్లు" అన్నాడు డ్రైవరు. "ముందు కాళ్లు కనపడుతున్నాయండీ."

అతను వేగం తగ్గించి, ఆమెకి చాలా ఎడంగా, పక్కనుంచి దాటించాడు. మేస్త్రి తల బయట పెట్టి చూడలేదు. చూస్తే ఆమె కంగారు పడుతుందని.

ఆమె ఉద్యోగం నిలిచింది. సైకిలు ఏడు వారాలు నిలిచింది.

ఎనిమిదో వారంలో ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరిదో బ్రేకు సరిచేస్తుంటే, గుమ్మంలో వెలుగు తగ్గింది. తలెత్తాడు. చెల్లెలు నడిచి వచ్చింది. హెల్మెట్ చేతిలో వేలాడుతోంది.

"పోయిందా?"

"పోయింది. గొలుసు కోసేశారు."

అతని చేతిలో రెంచి అలాగే ఉండిపోయింది. నల్ల రేడియం వల్ల పోయిందో, కొత్త వెనక చక్రం ఆశపెట్టిందో, ఎత్తిన సీటు చూసి ఎవరో వాడుతున్న బండి అని పసిగట్టారో, అదీ ఇదీ కాక ఊరికే పోయిందో, ఎవరూ చెప్పలేరు. మూడేళ్లు కాపాడినదాన్ని తన చేత్తో తనే పోగొట్టానని మాత్రం అతని మొహంలో రాసి ఉంది. ఆమె అది చదివింది. స్టూలు లాక్కుని, బాగులేని కాలు ముందుకి చాపి కూర్చుంది.

"మూడేళ్లు ఎవరికీ కనపడలేదు కదా అన్నయ్యా. ఇప్పుడు కనపడింది. నీకు పని కుదిరినట్టే."

నవ్వుతోందో లేదో అతనికి వెంటనే తెలియలేదు. ఆమె జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. బెల్టు. దాని పక్కన లైటు. రెండూ ఆమెతో పాటే లోపలికి వెళ్లాయి, ఆమెతో పాటే బయటికి వచ్చాయి.

"ఇవి ఉన్నాయి. నేనున్నాను. ఇంకోటి కట్టు."

రేపు ఐదున్నరకి ఎలా అని అతను అడిగాడు. నీ సైకిలు ఇవ్వవా అని ఆమె అడిగింది. ఇస్తాననీ, తను నడుస్తాననీ అన్నాడు. తర్వాత స్టూలు మీదినుంచి ఆమెను లేవమని, తనే ఎక్కి, కప్పుకి వేలాడుతున్న గుమాస్తా చక్రాన్ని దించాడు. ఏళ్ల దుమ్ము ఇద్దరి మీదా పడింది. తాళం ఇంకా దానికే ఉంది. రంపంతో దాన్ని కోయడానికి మేస్త్రికి చాలాసేపు పట్టింది. దొంగలకి ఓపిక ఎక్కువే అంది ఆమె. కోసి, రిమ్ముని గుడ్డతో తుడిచి, పుల్లలు బిగించకముందే సంచీలోంచి ఒక నల్ల ముక్క తీసి, లోపలి అంచు మీద అతికించి, బుడగ లేకుండా బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు.

మర్నాడు వేకువన ఆమె అతని సైకిలెక్కి బయలుదేరింది. అతను సందు మొదట్లో చేతిలైటు పట్టుకుని నిలబడి, ఆమె వీపు మీదికి వేసి ఉంచాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా కనపడింది.